నేను కలిపిన గీత

మా పై అంతస్తులో ఉండే అమ్మాయి బ్యాంకులో పని చేస్తుంది. ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి గుట్టలెక్కి రావడం ఆమెకు అలవాటు. పోయిన వారం ఒక మడత కాగితం తెచ్చి నా ముందు పరిచి, ‘తాతా, దీంట్ల ఊర్ల పేర్లు సరిగ్గున్నయా, జర చూడుండ్రి’ అంది. సిర్నాపల్లి స్టేషను దగ్గర మొదలుపెట్టి అడవి గుట్టల మీదుగా మూడు రోజులు నడిచి వర్ని వైపు దిగేవాళ్ల కోసం వాళ్ల బృందం వేయించిన పటం అది. మంచి కాగితం, మంచి అచ్చు. గుట్టల ఎత్తును చూపే గోధుమరంగు గీతలు, నడిచే తొవ్వకు ఎర్ర చుక్కలు. కళ్లద్దాలు పెట్టుకుని ఆ చుక్కల వెంట వేలు జరుపుతూ రెండు మూడు పేర్లు దిద్దాను. పడమటి అంచుకు వచ్చేసరికి, తొవ్వ వాగును వదిలి ఎడమకు తిరిగే చోట నా వేలు ఆగిపోయింది. నీళ్లు తాగి వస్తానని లేచి లోపలికి వెళ్లాను. మా బావ పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఈ కాలం పిల్లలు నమ్మరు గాని, మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఇలాంటి పటం మామూలు మనిషి చేతికి రావడమే కష్టం. అరవైల నడుమ నేను నిజామాబాదులో కాలువల ఆఫీసు ఒకదానిలో ట్రేసరుగా చేరాను. ఇంజనీర్ల నక్షాలను మైనం పూసినట్టు నున్నగా ఉండే గుడ్డ మీద నల్ల సిరాతో దించడం నా పని. ఆ గుడ్డను మందు పూసిన కాగితం మీద పరిచి ఎండలో ఉంచి కడిగితే, నీలం మీద తెల్ల గీతలుగా ఎన్ని ప్రతులైనా వస్తాయి. సర్కారు సర్వే పటాలు మా ఆఫీసులో ఇనుప బీరువాలో ఉండేవి. అంగుళానికి ఒక మైలు లెక్క. వాటిని గడప దాటించడం నేరం. తాళంచెవి, గీసేవాళ్లందరికీ పైన ఉండే పెద్ద నక్షానవీసు గారి శేర్వాణీ జేబులో ఉండేది. ఆయనను అందరం సాబ్ అనేవాళ్లం. నాకు కలం పట్టడం నేర్పింది ఆయనే.

ఆయన నేర్పిన పద్ధతులు రెండు చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిందంతా వాటి నుంచే వచ్చింది. ఒకటి, రంగుల పటాన్ని దించేటప్పుడు ఒక్కో రంగును ఒక్కో విడతలో పూర్తి చేయాలి. నలుపు మొత్తం అయ్యాక ఎరుపు, అదయ్యాక మిగిలినవి. రెండోది, కాలువ గీత ఎక్కడా తెగకూడదు. మేము దించేవన్నీ కాలువలు, పిల్ల కాలువలు, చెరకు మళ్లకు నీళ్లు తీసుకుపోయే బోదెలు. కొత్తలో నేను గుడ్డ మడత దగ్గర ఒక కాలువను తెంపి వదిలేస్తే సాబ్ నలుగురిలో నిలబెట్టి అడిగారు. ‘అరె మియా, నీళ్లు ఈడికెళ్లి ఆడిదాంక గాల్లకెళ్లి దుంకుతయా?’ అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత నా చేతి కింద ఏ గీతా తెగలేదు.

బోధన్ చుట్టుపక్కల నేల ఎంత చదునో చూసినవాళ్లకు తెలుసు. అక్కడి పటంలో ఒక ఎత్తు గీతకూ ఇంకో ఎత్తు గీతకూ మధ్య ఒక ఊరు పడుతుంది. అవి దగ్గరికి జరిగితే ఏమని అర్థమో నేను పుస్తకంలో చదివాను గాని, పనిలో చూసి ఎరగను.

మా అక్కను బోధన్‌లోనే ఇచ్చారు. బావ అక్కడి బడిలో భూగోళం చెప్పేవాడు. బక్క మనిషి, పెద్ద అడుగు. ఎక్కడెక్కడి దేశాల్లోనో మనుషులు పటం చేతపట్టుకుని వారాల తరబడి కొండల మీద నడుస్తారని లైబ్రరీ పుస్తకాల్లో చదివి, అది మనం ఎందుకు చేయకూడదని అడిగేవాడు. ఆయన ఆలోచన వినడానికి వింతగా ఉండేది. రైలెక్కి సిర్నాపల్లిలో దిగడం, అక్కడి నుంచి గుట్టల మీద నడిచి ఇంటికి రావడం. దారిలో రెండు రాత్రుళ్లు బస. తోడుగా వాళ్ల బడి పంతుళ్లు ఇద్దరు. కావలసింది పటం ఒక్కటే. అది నా ఆఫీసులో ఉంది.

నేను కుదరదన్నాను. బావలు బామ్మర్దులను ఎలా లొంగదీస్తారో చెప్పనక్కరలేదు. ‘మా బామ్మర్ది సర్కారు నౌకరి అని ఊరంత చెప్పుకుంటున్న. ఏం ఫాయిద? ఒక్క కాగితం తేవస్తలేదు. ఇగ మీ అక్కనన్న అడుగుత, నక్షా గీసుడు వస్తదేమోనని’ అన్నాడు. అక్క వంటింట్లో నుంచే, ‘నాకు గీసుడు రాదు గని, నువ్వు వంకాయలు తెస్తనని పోయి గుమ్మడికాయ తెచ్చినవ్. బజార్ల తొవ్వ తెల్వనోనికి గుట్టల తొవ్వ ఎందుకు?’ అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నేను సరేనన్నాను.

సాబ్ నమాజుకు వెళ్లే శుక్రవారం మధ్యాహ్నాలు రెండు, మిగతా రోజుల్లో తిండి వేళలు కొన్ని, ఇలా దొంగచాటుగా దించాను. సర్వే పటంలో ఎండిపోయే వాగులు నల్ల గీతలు, కాలిబాటలు ఎర్ర చుక్కలు. ముందు నలుపంతా దించాను. తర్వాత ఎరుపు. ఎత్తు గీతలు మరీ ఎక్కువ, అన్నీ దించితే నా నీలం కాగితం మీద ఏదీ కనిపించదు. అయిదింటికి ఒకటి మాత్రం తీసుకుని మిగతావి వదిలేశాను. పడమటి అంచున కాలిబాట వచ్చి ఒక వాగులో దిగి కొంత దూరం వాగుతో పాటే నడుస్తుంది. అంతవరకు దించి, సాబ్ చెప్పుల చప్పుడు విని చుట్ట చుట్టేశాను. మళ్లీ కూర్చున్న రోజు చూస్తే, నా గుడ్డ మీద చుక్కలు వాగు నడుమ ఆగి ఉన్నాయి. కింద, గుట్ట పాదాన, అదే వాగు ఒడ్డున ఇంకో కాలిబాట ఊళ్లోకి పోతూ కనిపించింది. పైది ఆగిపోయింది, కిందిది మొదలవుతోంది, నడుమ వాగు ఉంది. తెగిన గీత అనుకున్నాను. రెండింటినీ కలిపాను. అసలు తొవ్వ అంత కిందికి రాకముందే వాగును వదిలి ఎడమకు తిరిగి గుట్ట భుజం మీదుగా దిగుతుంది. ఆ మలుపును నేను చూడనే లేదు. ఆ గుడ్డ నుంచి ఒక నీలం ప్రతి తీసి బావకు ఇచ్చాను.

మార్గశిరంలో ఒక శుక్రవారం ఉదయం ముగ్గురూ రైలెక్కారు. అక్క ఆ మూడు రోజులూ నిజామాబాదులో మా ఇంట్లోనే ఉంది. శనివారం పొద్దున సాబ్ ఏదో చెరువు పని కోసం అదే షీటు తీసి బల్ల మీద పరిచి నన్ను పిలిచారు. ఆయన వేలు పడమటి అంచున ఆగింది. ‘ఇది జూడు. నీకు కాలువలు తప్ప ఏం తెల్వది. ఈ గోధుమ గీతలన్ని ఒక్కటయి ముద్దయినయి, కనబడుతుందా? అంటే గుట్టను నిలువున కోసినట్టు. వానకాలం ఈ వాగు ఈడికెళ్లే దుంకుతది.’ ఆయన ఇంకా ఏదో చెబుతున్నారు. నేను ఎర్ర చుక్కలు వెతుకుతున్నాను. అవి ఆ ముద్దకు చాలా ముందే ఎడమకు తిరిగి ఉన్నాయి. నీళ్లు దూకే ఆ జాగా గుండా మనుషులు నడిచే తొవ్వ గీసి ఇచ్చింది నేను.

చెబితే ఉద్యోగం పోతుంది. మా ఇంట్లో నెల జీతం తెచ్చేది నేనొక్కణ్నే. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఎక్కువసేపు కాదు, కాని ఆ నిలబడడం నాకు గుర్తుంది. తర్వాత చెప్పాను. సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, డివైడరు అందుకుని బావ పెట్టుకున్న మజిలీలు అడిగారు. ఆ రాత్రి బస వాగుకు రెండు మైళ్ల దూరంలో ఉన్న తండా దగ్గర. ఆదివారం పొద్దు పొడవగానే నడక మొదలు. డివైడరు కాళ్లు పటం మీద నాలుగుసార్లు వేశారు. ‘పొద్దు పొడిచిన గంటకు ఆడుంటరు’ అన్నారు. షీటు చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. ‘నేను ఏం వినలే. నీకు కడుపు నొస్తుంది, ఇంటికి పోతున్నవ్. ఉరుకు.’

స్వెట్టరు కోసం ఇంటికి వెళితే అక్క ఎదురైంది. సైటు మీద పని పడిందన్నాను. ఆమె మారు మాట్లాడకుండా జొన్నరొట్టెలు మూట కట్టి చేతిలో పెడుతూ, ‘ఏందిరా మొఖం అట్లయింది? మీ బావ లెక్క నువ్వు గూడ గుట్టలెక్కుతున్నవా ఏంది?’ అంది. లేదన్నాను. అక్కకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే అయి ఉంటుంది. చివరిది కాలేదు.

వర్ని బస్సు రెండు గంటలకు కదిలింది. గానుగ సీజను కావడంతో ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు రోడ్డు మీద బారులు తీరి ఉన్నాయి. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఎడ్లు తమ నడక తాము నడుస్తూనే ఉన్నాయి. ఒకచోట ఒక బండి ఇరుసు విరిగి చెరకంతా రోడ్డుకు అడ్డం పడింది. దిగి అందరితో పాటు గడలు పక్కకు లాగాను. చేతులు కోసుకుపోయాయి. కండక్టరు, ‘సారుకు ఇయ్యాల్నే లగ్గమున్నట్టుంది’ అని నవ్వించాడు. వర్నిలో దిగి, అక్కడి నుంచి గుట్ట కింది ఊరికి నడిచేసరికి పొద్దు కుంకింది. చిరుత తిరుగుతోంది, చీకట్లో పైకి ఎవరూ రారన్నారు. ఊరి కొసన మేకలు కాచుకునే ఒక అవ్వ తన వాకిట్లో గోనెపట్టా వేసింది. కోడి కూయగానే తీసుకుపోతానంది.

గుట్ట మీద నడక గురించి నాకు తెలిసిందంతా కాగితం మీద తెలిసిందే. అవ్వ ముందు, నేను వెనుక. నేను వచ్చిన కారణం చెబితే ఆమె ఆగకుండానే, ‘గా వాగుల తొవ్వా? అది నీళ్లు దుంకే జాగ కొడుకా. మా మేకలే దిగయి. ఏ బాడుకావు చెప్పిండు?’ అంది. నేనే గీశానన్నాను. ఆమె వెనక్కి తిరిగి నన్నొకసారి చూసి, ‘గీస్తే గీసినవ్. నడువు. సర్కారోళ్ల కాళ్లు కుర్సీల కిందికే పనికొస్తయి’ అంది. తెల్లవారింది. ఎడమ పక్కన లోయకు అవతల ఆ బండ మొత్తం కనిపించింది. నలుపెక్కిన రాయి, నిలువున, మూడు తాటిచెట్ల ఎత్తు ఉంటుంది. నడుమ సన్నటి తడి చార. నా గుడ్డ మీద అది బొటనవేలి గోరంత. ఊపిరి అందక రెండుసార్లు కూర్చున్నాను.

సూర్యుడు గుట్ట మీదికి వచ్చేసరికి మేము మలుపు చేరాం. అక్కడ ఎవరూ లేరు. తడి ఇసుకలో బూట్ల అడుగులు మూడు జతలు వాగు వెంట కిందికి పోయి ఉన్నాయి. అరుస్తూ పరుగెత్తాను. వాగు వంపులో పంతుళ్లు ఇద్దరూ సంచులు కింద పడేసి నిలబడి ఉన్నారు. ఒకాయన నన్ను చూసి, నేను ఎలా వచ్చానని కూడా అడగకుండా, చేత్తో కిందికి చూపించాడు. రాలిన ఆకుల కింద బండ పాకుడు పట్టి ఉంది. ముందు నడిచే బావ కాలు జారి, అంచు దాటి, రెండు నిలువుల కింద ఒక బండ మెట్టు మీద ఆగాడు. ఆ మెట్టు లేకపోతే ఆగడానికి ఇంకేమీ లేదు.

పడి పావుగంట అయిందన్నారు. నేను కూర్చున్న రెండుసార్లు కలిపితే అంతే అవుతుంది.

ఆ పంతులే తర్వాత చెప్పాడు. తండాలో ఒక ముసలాయన ఎడమకు తిరగాలని చేత్తో చూపించాడట. బావ కాగితం తీసి చూపించి, ‘మా బామ్మర్ది గీసిండు. ఆఫీసుల పని చేస్తడు. తప్పుంటదా?’ అన్నాడట.

నేను అంచు మీద బోర్లా పడుకుని కిందికి చూశాను. బావ ముఖం పాలిపోయి ఉంది. కుడి కాలు మోకాలి కింద ఉండవలసిన తీరులో లేదు. నన్ను చూసి మోచేతి మీద లేవబోయి ఆగాడు. తర్వాత, ‘వచ్చినవా బామ్మర్దీ? నీ తొవ్వ జర నిట్టనిలువున్నదిరా’ అన్నాడు.

అవ్వ తాడు, మా ధోవతులు ముడివేసి నేనే దిగాను. ఊళ్లోకి పోయిన పంతులు మనుషులను, నులక మంచాన్ని తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా ఆ మెట్టు మీద ఇద్దరమే ఉన్నాం. నొప్పికి పళ్లు బిగబట్టి, ఆయన జేబులో నుంచి నీలం కాగితం తీసి నాకు ఇచ్చాడు. ‘కిందికి పోయినంక పొయ్యిల వెయ్. గది ఎవనికన్న దొరికిందనుకో, నీ నౌకరి పోతది. మీ అక్కకు గూడ చెప్పకు. దానికి కడుపుల మాట ఆగది. నా కాలు జారింది, గంతే.’ సాయంత్రం అవ్వ పొయ్యిలో ఆ కాగితం వేశాను. ఆఫీసులో దాచిన గుడ్డను సోమవారం ముక్కలు చేసి తగలబెట్టాను.

ఎముక రెండు చోట్ల విరిగింది. అతికింది గాని కాలు పొట్టిదైంది. ఆ తర్వాత బావ కుర్చీలో కూర్చునే పాఠం చెప్పాడు. సైకిలు మానేశాడు. అక్క ఆ కాలిని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేది. చుట్టాలు వస్తే చెప్పేది, ‘తండల ముసలోడు వద్దన్నా ఇనలే. కండ్లు నెత్తికెక్కి పోయిండు. చదువుకున్నోనికి బుద్ధి తక్కువ.’ బావ నవ్వేవాడు. ఆమె కోపం వట్టిది కాదు. తెల్లవారుజామున లేచి కాలికి నూనె రాసేది ఆమే, బియ్యం సంచి ఎత్తవలసి వచ్చేది ఆమెకే. ఏళ్ల తరబడి ఆ మాటలు నా ఎదుటే జరిగాయి. నేను సాబ్ రిటైరైన కుర్చీ దాకా ఎదిగాను. నా చేతి కింది పిల్లలకు ఎత్తు గీతలు ఒక్కటీ వదలకుండా దించడం నేర్పాను.

ఒకే ఒక్కసారి చెప్పబోయాను. డెబ్బైలలో, వాళ్లింట్లో, అక్క మామిడికాయ ముక్కలు కోస్తూ ఉంది. అక్కా, ఆ రోజు బావది తప్పు కాదు, అన్నాను. కత్తిపీట ఆగింది. బావ వెంటనే, ‘అవును, బండది తప్పు. నేను వస్తున్ననని తెల్సి గూడ జరగలే’ అన్నాడు. అక్క, ‘సిగ్గు లేకపోతే సరి’ అని మళ్లీ కోయడం మొదలుపెట్టింది. బావ నా వైపు చూడలేదు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటై చాలాకాలమైంది. ఆయన నన్ను కాపాడుతున్నాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, అక్కకు తమ్ముణ్ని మిగల్చాలనుకున్నాడేమో. ఏదైనా, ఆ అవకాశాన్ని నేను వాడుకున్నాను.

అక్క ఎనిమిదేళ్ల కింద పోయింది. బావ ఆ తర్వాత కర్ర పట్టుకుని రోజూ సాయంత్రం కొంత దూరం నడిచేవాడు. మొన్న ఆయన పోయిన పదోరోజున శిష్యులు వచ్చి మాట్లాడారు. సారు పడుచు వయసులో సాహసం చేయబోయి కాలు పాడుచేసుకున్నారని ఒకరన్నారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. లేచి చెప్పవచ్చు. చెప్పలేదు.

చాలా మారాయి. మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయి, సిరా పోయింది, ట్రేసరనే ఉద్యోగమే లేదు. మేము బీరువాలో పెట్టి కాపలా కాసిన పటాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడవచ్చునట, ఎవరి అనుమతీ అక్కరలేదట. నేను ఉద్యోగానికి భయపడి కాల్చేసిన కాగితంలో దాచడానికి ఇప్పుడు ఏమీ లేదు. దాచవలసిన అవసరం తీరింది. చెప్పవలసిన మనుషులు కూడా తీరిపోయారు.